పడుకున్న పిల్లాణ్ణి లేపినావిడ

విమానాల సంగతి ఎవరికి కావాలన్నా నా దగ్గరికి రావలసిందే. ఏ మబ్బు దూది, ఏ మబ్బు బండరాయి, గాలిలో గుంతలు ఎక్కడెక్కడుంటాయి, రెక్క ఎలా మూలిగితే కిందికి దిగుతున్నట్టు, ఇవన్నీ నాకు అరచేతిలో గీతలంత బాగా తెలుసు. నన్నో మాట అడిగి బయల్దేరితే పైలట్లకి సగం చాకిరీ తప్పేది. అడగరు. వాళ్ళ ఖర్మ.

ఇది బెల్టమ్మ కథ. నాకు మేనకోడలి వరస. అమ్మానాన్నలు పెట్టిన పేరు ఇంకోటుంది గానీ ఆ పేరుతో పిలిస్తే ఇప్పుడామె వెనక్కి తిరిగి కూడా చూడదు. విమానంలో ఆమెతో పనిచేసే పిల్లలు పెట్టిన పేరిది. మిగతావాళ్ళు దిగేముందు నడవలో పైపైన చూసుకుంటూ పోతారు. బెల్టమ్మ ప్రతి వరస దగ్గరా ఆగుతుంది. కుర్చీ వీపు మీద రెండు వేళ్ళు ఆనిస్తుంది. అది నిటారుగా ఉందో లేదో వేళ్ళే చెబుతాయి. దుప్పటి కప్పుకున్నవాళ్ళ దగ్గర వంగి, "ఒక్కసారి దుప్పటి తియ్యండి నాయనా" అంటుంది. తీస్తే కింద బెల్టు ఉండదు. జేబులో జామకాయతో దొరికిపోయిన బడిపిల్లాడిలా పెద్దపెద్ద ఆఫీసర్లు ఇకిలిస్తారు. ఆమె నవ్వదు. బకిల్ 'టక్' మన్నాకే పక్క వరసకి కదులుతుంది.

ఆ రోజు మధ్యాహ్నపు ప్రయాణంలో ముందు వరసలో ఒక చంటివాడున్నాడు. ఎక్కిన దగ్గర్నుంచీ ఒకటే రాగం. తల్లి ఎత్తుకుంది, తండ్రి ఎత్తుకున్నాడు, వెనక వరసలో ముక్కూ మొహం తెలియని పెద్దాయన కూడా ఎత్తుకుని నడవలో తిప్పాడు. చివరికి, ఎదుటి గోడకి తగిలించిన చిన్న తొట్టిలో వేశాక, ఏ దేవుడి పుణ్యమో వాడు నిద్రపోయాడు. విమానం మొత్తం ఒక్కసారి ఊపిరి వదిలింది. తల్లి కూర్చున్నపళంగా తల వాల్చేసింది. కొత్తగా చేరిన పిల్ల టీ బండి నెట్టుకుంటూ వస్తోంది, చక్రాలు కూడా చప్పుడు చేయకుండా.

అప్పుడు బెల్టు లైటు వెలిగింది. లోపల్నుంచి కెప్టెన్ ఫోన్ చేసి, ముందర మబ్బు మంచిది కాదు, అందర్నీ కూర్చోబెట్టమన్నాడు.

బెల్టమ్మ కొత్తపిల్లకి కళ్ళతోనే చెప్పింది. ఆ పిల్ల వేడి కూజాలు బండి లోపలికి దించి, తలుపు వేసి, బండిని వెనక్కి లాక్కుపోయింది. బెల్టమ్మ ముందు వరసకి వచ్చింది.

"బాబూ, పిల్లాణ్ణి ఒళ్ళోకి తీసుకోవాలి."

తండ్రి పైకి చూశాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "ఇప్పుడే పడుకున్నాడండీ."

"చూశాను నాయనా. లైటు వెలిగింది."

"వెలగనివ్వండి. విమానం కదలటం లేదుగా."

"కదిలాక తియ్యలేం."

"కాసేపు చూద్దాం. కదిలితే నేనే తీస్తాను."

కుదుపొచ్చినప్పుడు ముందుగా చెప్పి రాదు. కట్టి ఉన్నవాళ్ళు కుర్చీతోపాటు కిందికి పోతారు. కట్టనిది ఏదైనా, గ్లాసైనా పిల్లాడైనా, ఉన్నచోటే ఆగి పైకప్పుకి తగులుతుంది. ఇదంతా విడమరచి చెప్పే తీరిక లేక, బెల్టమ్మ తొట్టిలోకి వంగింది. ఒక చెయ్యి మెడకింద, ఒక చెయ్యి నడుం కింద పెట్టి వాణ్ణి లేపి తల్లి ఒళ్ళో పెట్టింది. తల్లి బెల్టులోంచి చిన్నబెల్టు దూర్చి వాడి పొట్ట చుట్టూ బిగించింది. వాడు వెంటనే ఏడవలేదు. ముందు ఒక కన్ను తెరిచి, తనని లేపిందెవరో గుర్తుపెట్టుకున్నాడు. తర్వాత గుండె నిండా గాలి పీల్చుకుని మొదలుపెట్టాడు.

విమానం కదల్లేదు. కెప్టెన్ మబ్బుని చుట్టి పక్కదారిన పోనిచ్చాడు. గ్లాసుల్లో నీళ్ళు అద్దంలా ఉన్నాయి. కాసేపటికి లైటు ఆరింది, పిల్లాడు ఆరలేదు. కడుపులో చల్ల కదలకుండా విమానం నేల దిగేదాకా వాడి కచేరీ సాగుతూనే ఉంది. దిగేటప్పుడు తలుపు దగ్గర నిలబడి నమస్కారం పెడుతుంటే ఒకావిడ, "పడుకున్న పిల్లాణ్ణి చూస్తే ఓర్వలేకపోయావా తల్లీ" అని పోయింది. తండ్రి ఆమె గుండె మీద తగిలించుకున్న పేరు చీటీ చదువుకుని దిగాడు.

రెండు రోజుల తర్వాత ఆఫీసు నుంచి పిలుపొచ్చింది. అద్దాల గదిలో ఉండే మేనేజర్ని అందరూ చిన్నసారు అంటారు. ఒకప్పుడు ఆయనకి నడవలో బండి నెట్టడం నేర్పింది బెల్టమ్మే. నేర్చుకునే రోజుల్లో ఆయన బండి ఎన్ని మోకాళ్ళకి తగిలిందో ఆమెకి తెలుసు కాబట్టి, ఆమె గదిలోకొస్తే ఆయన ఇప్పటికీ లేచి నిలబడతాడు.

"కూర్చో అక్కా. టీ చెప్పనా?"

"టీ నేను రోజూ పోసేదే. సంగతి చెప్పు."

"ఆ పిల్లాడి తండ్రి గట్టిగా రాశాడు. అమానుషం అన్నాడు. నువ్వు వాళ్ళింటికెళ్ళి వాళ్ళావిడకి క్షమాపణ చెప్పాలట. లేదంటే ఇంకా పైకి పోతాడట."

"రూలేమంటోంది?"

"రూలు నీవైపే. అందులో రెండో మాట లేదు." చిన్నసారు బల్లమీద కలం అటు తిప్పి ఇటు పెట్టాడు. "కానీ ఆ రోజు విమానం కదల్లేదు కదక్కా."

"కదిలుంటే?"

"కదిలుంటే గొడవే లేదు. దండం పెట్టి దిగేవాడు."

"అయితే నా తప్పల్లా గాలి బాగుండటమేనన్నమాట."

ఆయన నవ్వబోయి మానుకున్నాడు. "శనివారం నీ చివరి ప్రయాణం. ఇది తేలేదాకా నిన్ను ఎక్కించొద్దన్నారు. వెళ్ళి ఒక్క మాట అనేసి రా."

"అనకపోతే?"

"ఇక్కడే ఆఫీసులో ఏదో చిన్న టీ పార్టీ..." అని ఆయన మాట మింగేశాడు.

అలాంటి టీ పార్టీలు బెల్టమ్మ చాలా చూసింది. నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు, కేకు మీద తప్పుగా రాసిన పేరు, గోడ పక్కన ఒక ఫోటో. వాళ్ళలో వాళ్ళకి ఒక ఆనవాయితీ ఉంది. ఉద్యోగం చాలించే మనిషి చివరి రోజున ముందు తలుపు పక్కన, ప్రయాణికులకి ఎదురుగా ఉండే మడతకుర్చీలో కూర్చుంటుంది. దిగేముందు మైకులో మాట్లాడేది ఆ మనిషే. ఆ దిగడంతో సరి. ఆ మడతకుర్చీ కోసమే బెల్టమ్మ మోకాళ్ళ నొప్పులతో ఈ ఏడాదంతా నెట్టుకొచ్చింది.

ఇంట్లో ఆమె భర్త దర్జీ. ఆ సాయంత్రం శనివారానికని ఆమె కోటు కుట్లు విప్పి నడుం దగ్గర వదులు చేస్తున్నాడు. ఆ ఇంటి వంటింట్లో ప్రతి అలమరకీ గడియ ఉంటుంది, ప్రతి గడియా వేసి ఉంటుంది. కప్పులో టీ ఎప్పుడూ ముప్పావు వంతే.

"పెళ్ళయినప్పట్నుంచీ నిండు కప్పు టీకి నోచుకోలేదు" అన్నాడాయన, సూదిలో దారం ఎక్కిస్తూ.

"కుదుపొస్తే చెయ్యి కాలుతుంది."

"వంటింట్లోనా?"

ఆయన కళ్ళజోడు మీంచి చూశాడు. సంగతంతా విన్నాడు. "ఒక్క సారీయే కదే. నేను రోజూ చెబుతాను. కురచైందంటే సారీ, వదులైందంటే సారీ. నోరేమైనా అరిగిపోయిందా?"

"నువ్వు కురచ చేసినందుకు చెబుతావు. సరిగ్గా కుట్టినందుకు చెప్పమంటున్నారు నన్ను."

ఆయన సూది ఆగింది. "అది కష్టమే" అని మళ్ళీ కుట్టుకోసాగాడు.

ఆ రాత్రి భోజనం దగ్గర నేనూ ఉన్నాను. మాటల్లో పాతకాలం వచ్చింది, వస్తే ఊరికే పోతుందా. ఆమె చేరిన కొత్తలో రెక్కలకి పంకాలు తిరిగే చిన్న విమానం. లోపల అరుచుకుంటే తప్ప మాట వినపడదు. జనం పెళ్ళికెళ్తున్నట్టు మంచి బట్టలు కట్టుకుని ఎక్కేవాళ్ళు. దిగేముందు చెవులు దిబ్బడెయ్యకుండా పళ్ళెంలో చప్పరించే బిళ్ళలు పెట్టుకుని అందరికీ పంచేది. ముసలివాళ్ళు ఒకటి నోట్లో వేసుకుని, రెండు మనవళ్ళకని కొంగున కట్టుకునేవాళ్ళు. చక్రాలు నేలకి తగలగానే చప్పట్లు కొట్టేవాళ్ళు. ఇప్పుడెవరూ కొట్టరు. "నేలమీదికి తిరిగి రావటం అప్పుడొక విశేషం మావయ్యా" అంది.

ఆమెకి పని నేర్పింది పెద్దమేడం. ఒకసారి వానలో ఆ చిన్న విమానం రాళ్ళ బాటమీద ఎడ్లబండిలా ఎగిరెగిరి పడింది. నడవలో ఉన్న పెద్దమేడం బండి బ్రేకు కాలితో తొక్కి, కాగే టీ కూజాని నేలమీద తన మోకాళ్ళ మధ్య ఇరికించుకుని, పక్క కుర్చీ ఇనుపకాలు పట్టుకుని అలాగే చతికిలబడిపోయింది. ఆ గాలి తగ్గేదాకా ఆ చెయ్యి వదల్లేదు, ఆ కూజా ఒలకలేదు. ఒకాయన పెట్టుడు పళ్ళు మాత్రం ఊడి ఎగిరి ముందాయన చొక్కా జేబులో పడ్డాయి. దిగాక ఇద్దరూ వియ్యంకులయ్యారని కూడా అంటారు. లేచి నిలబడ్డాక పెద్దమేడం అన్నదట: "చూడు పిల్లా, ఇది నిలబడి చేసే ఉద్యోగం అనుకుంటారు. కాదు. ఎప్పుడు కూర్చోవాలో తెలిసిన వాళ్ళు చేసే ఉద్యోగం."

ఇంతవరకూ వచ్చాక ఒకటి ఒప్పేసుకుంటే పోతుంది. నేను విమానమెక్కింది జన్మలో ఒక్కసారి. ఎక్కుతూనే కళ్ళు మూసుకున్నవాణ్ణి దిగాక మెట్లమీద తెరిచాను. ఏ మబ్బు దూదో ఏ మబ్బు రాయో బెల్టమ్మ అన్నం తింటూ చెప్పిందే నాకు తెలిసిన శాస్త్రం.

మర్నాడు ఆమెని లైఫ్ జాకెట్ల గదిలో వేశారు. కిటికీ లేని గది, రబ్బరు వాసన. ఒక్కో జాకెట్టూ విప్పి, పట్టీలు లాగి చూసి, ఈల ఉందో లేదో తడిమి, మళ్ళీ అదే మడతల్లో సంచిలో పెట్టాలి. పైన విమానం లేచినప్పుడల్లా అరలు సన్నగా వణికేవి. ఆమె తలెత్తకుండానే అది ఎటు పోయే విమానమో అనుకునేది.

కొత్తపిల్ల వచ్చి గుమ్మంలో నిలబడింది. చక్రాల పెట్టె చేతిలోనే ఉంది, అప్పుడే దిగినట్టుంది.

"తిన్నావా?" అంది బెల్టమ్మ.

"తిన్నానక్కా." పెట్టె పిడి లోపలికి నొక్కింది, పైకి లాగింది. "అక్కా, పొద్దున లైటు వెలిగింది. ముందు వరస తొట్టిలో పాప ఉంది."

"ఊ."

"వాళ్ళమ్మ నావైపు చూసింది. లేపుతానేమోనని. నేను చూడనట్టు పక్కనించి వెళ్ళిపోయాను."

బెల్టమ్మ చేతిలో జాకెట్టు సగం మడతలో ఆగింది.

"ఏం కాలేదక్కా. కొంచెమే కదిలింది. పాప లేవను కూడా లేదు. నేను నా కుర్చీలో కూర్చుని, అది ఆగేదాకా తొట్టి వంకే చూస్తున్నా." పెట్టె పిడి మళ్ళీ లోపలికి నొక్కింది. "మీకైతే ఈ శనివారంతో సరి. నేనింకా ప్రొబేషన్‌లో ఉన్నా."

తిడుతుందనుకుంది ఆ పిల్ల. బెల్టమ్మ తిట్టలేదు. చేతిలోది విప్పేసి, మొదట్నుంచీ మడిచింది. మళ్ళీ తప్పొచ్చింది. మళ్ళీ విప్పింది. తన మడతకుర్చీ సంగతి వేరు. తను వెళ్ళి తప్పయిందని ఒక్క మాటంటే, రేపట్నుంచి ఈ పిల్ల, ఈ పిల్లని చూసి ఇంకో పిల్ల, తొట్టెల పక్కనించి చూడనట్టు నడిచిపోతారు. అనకపోతే, అక్కని నేల మీద కూర్చోబెట్టారన్న సంగతే వాళ్ళకి పాఠం. ఎటు తిరిగినా తొట్టిలోది తొట్టిలోనే ఉంటుంది.

"శుక్రవారం వెళతాను వాళ్ళింటికి" అంది.

"సారీ చెబుతారా?"

"ఏం చెబుతానో నాక్కూడా తెలీదు. వెళ్ళాక నోట్లోంచి ఏదొస్తే అది."

ఆ ఇల్లు ఒక పాత అపార్ట్‌మెంటు పై అంతస్తులో ఉంది. బెల్టమ్మ మామూలు బట్టల్లోనే వెళ్ళింది. కింద లిఫ్టు దగ్గరే పంచాయితీ జరుగుతోంది. లిఫ్టు తలుపు తీసి, అడ్డంగా గొలుసు కట్టి, 'పని జరుగుతోంది, ఎక్కరాదు' అన్న అట్ట తగిలించి ఉంది. గుంతలోంచి ఒక మనిషి నడుం దాకా కనిపిస్తున్నాడు, చేతులకి నల్లటి గ్రీజు. ఎదురుగా కూరగాయల సంచితో ఒక లావుపాటి ముసలావిడ.

"పొద్దున ఇందులోనే కదరా దిగాను. శుభ్రంగా నడిచింది."

"నడిచిందండీ."

"మరి నడిచేదాన్ని ఆపడమేమిటి? చెడితే బాగుచేసేవాళ్ళని చూశాను గానీ బాగున్నదాన్ని ఆపేవాణ్ణి నిన్నే చూశా. ఈ మోకాళ్ళతో పైదాకా ఎలా ఎక్కను? నువ్వు మోస్తావా?"

"అమ్మగారూ, తాడులో రెండు పోగులు లేచాయి. ఇవాళ ఆపితే మీరు తిడతారు, అంతే. తెగేదాకా ఆగితే ఆపడానికి నేనక్కర్లేదు, అదే ఆగుతుంది."

"ఇన్నాళ్ళూ తెగిందా?"

"ఇన్నాళ్ళూ ఇలా ఆపబట్టే తెగలేదండీ. మీకేమో తెగలేదన్నదే కనబడుతుంది, ఆపిందే కనబడుతుంది. మధ్యలోది ఎవరిక్కనబడుతుంది?"

మెట్ల దగ్గర నిలబడ్డ బెల్టమ్మకి నవ్వొచ్చింది. ఆపుకుందామనుకుంది గానీ ఆగలేదు, చెంగు అడ్డం పెట్టుకుంది. ఆ చప్పుడికి గుంతలోని మనిషి తల తిప్పాడు. ఆ పిల్లాడి తండ్రే. ఆమె మొహం చూశాడు. యూనిఫాం లేకపోయేసరికి ఒక్క క్షణం పట్టింది. తర్వాత ఆ నల్ల చేతుల్లో స్పానర్ అలాగే ఉండిపోయింది.

"నేనే బాబూ" అంది ఆమె. "క్షమాపణ చెప్పమంటే వచ్చాను."

అతను, తనే ఇందాక అన్న మాటలు ఆ మెట్ల గదిలో ఇంకా తిరుగుతున్నట్టు పైకి చూశాడు. పక్కనున్న పాత గుడ్డ తీసుకుని ఒక్కో వేలూ తుడుచుకోవడం మొదలుపెట్టాడు. తుడిచిన వేలే మళ్ళీ తుడిచాడు.

"ఎవర్రా ఈవిడ?" అంది ముసలావిడ.

అతను గుడ్డ వంక చూస్తూ, "మా పనే చేస్తారండీ" అన్నాడు.

"లిఫ్టులా? ఆడమనిషా?"

"ఆవిడది ఇంకొంచెం పైకి పోతుందండీ."

బెల్టమ్మ ముసలావిడ చేతిలో సంచి అందుకుంది. మోకాళ్ళ నొప్పుల మీద ఇద్దరూ వైద్యాలు చెప్పుకుంటూ, మలుపు మలుపుకీ ఆగుతూ పైకెక్కారు. వెనకాల అతనూ వచ్చాడు. ముసలావిడ తన గుమ్మం రాగానే సంచి తీసుకుని, "ఈవిణ్ణి చూసి నేర్చుకోరా" అని తలుపేసుకుంది.

అతని భార్య పిల్లాణ్ణి చంకనేసుకుని తలుపు తీసింది. బెల్టమ్మని చూసి, తర్వాత మొగుణ్ణి చూసింది. "నిజంగా రప్పించావా పెద్దావిణ్ణి? నేనొద్దన్నానా లేదా?" అని లోపలికి పిలిచి కూర్చోబెట్టింది. "ఆ రోజుకి నాలుగు రాత్రులుగా నిద్ర లేదండీ ఈయనకి. ఆ కోపం ఎవరో ఒకరి మీద పోవాలి, మీరు దొరికారు."

దారి పొడుగునా వెతుక్కున్న మాట బెల్టమ్మకి అప్పుడు దొరికింది. "అమ్మా, పిల్లాణ్ణి లేపినందుకు సారీ చెప్పను. రేపు మళ్ళీ ఎక్కితే రేపూ లేపుతాను. కానీ నిన్ను ముందు లేపి, నీ చేత్తో తీయించాల్సింది. నువ్వు కళ్ళు తెరిచేసరికి పరాయి మనిషి నీ బిడ్డని పట్టుకుని ఉంది. దానికి మాత్రం సారీ."

ఆ అమ్మాయి పిల్లాణ్ణి తెచ్చి ఆమె ఒళ్ళో పెట్టింది. వాడు మొహం పరకాయించి చూశాడు. మర్చిపోలేదు. ఏడుపు అందుకున్నాడు. ముగ్గురూ నవ్వారు.

సాయంత్రం చిన్నసారు ఫోన్ చేశాడు. "కంప్లయింటు వెనక్కి తీసుకున్నాడక్కా. రూలు మార్చొద్దని కూడా రాశాడు. ఏం చెప్పావు వాడికి?"

"ఏం లేదు. కూరగాయల సంచి మోశాను."

శనివారం ఆకాశం తేటగా ఉంది. కోటు నడుం దగ్గర సుఖంగా సరిపోయింది. మైకులో తన వంతు వచ్చేదాకా బెల్టమ్మ వెనకెనకే ఉంది, పని కొత్తపిల్లకే వదిలేసింది. దారిలో లైటు వెలిగింది. ముందు వరస తొట్టిలో ఒక పాప, గుప్పిళ్ళు బిగించి మంచి నిద్రలో ఉంది. బెల్టమ్మ టీలు కలిపే గ్యాలీ తెర పక్కన నిలబడి చూస్తోంది. కొత్తపిల్ల తొట్టి దాకా వచ్చింది. ఆగింది. తల్లి పక్కన మోకాళ్ళ మీద కూర్చుని భుజం తట్టింది.

"అమ్మా, లేవండి. పాపని మీ చేత్తో ఒళ్ళోకి తీసుకోండి. చిన్నబెల్టు నేను పెడతాను."

"పడుకుందమ్మా."

"తెలుసండీ. నన్ను తిట్టుకోండి, ఫర్లేదు."

పాప లేచింది. లేచి, ఆ చిన్న ఒంట్లో అంత గొంతు ఎక్కడుందా అన్నట్టు ఏడ్చింది. చుట్టుపక్కల వాళ్ళు కొత్తపిల్లని ఒక చూపు చూశారు. ఆ పిల్ల చెవులు ఎర్రబడ్డాయి గానీ బెల్టు బిగించేదాకా లేవలేదు. విమానం ఆ రోజూ కదల్లేదు. గ్లాసుల్లో నీళ్ళు అద్దంలా ఉన్నాయి. బెల్టమ్మ తెర వెనక్కి తిరిగి, ఏదో పనున్నట్టు, వేసి ఉన్న అలమర గడియని మళ్ళీ వేసింది.

దిగే వేళయింది. ఆమె వరస వరసకీ ఆగి, కుర్చీల వీపులు రెండేసి వేళ్ళతో తాకుతూ ముందుకొచ్చింది. మడతకుర్చీ దించుకుని కూర్చుని, భుజాల మీంచి పట్టీలు బిగించుకుంది. వీపు గోడకి ఆనించి, చేతులు తొడల కింద పెట్టుకుంది. మైకులో చెప్పవలసిన నాలుగు మాటలూ చెప్పింది. తనకిదే ఆఖరని చెప్పలేదు. తర్వాత ప్రతిసారీ చేసినట్టే ప్రమాదమొస్తే ఏం చేయాలో మనసులో నెమరేసుకోవడం మొదలుపెట్టింది: తలుపు పిడి ఎటు తిప్పాలి, ఇటు పొగ ఉంటే జనాన్ని ఎటు పంపాలి, ఎదుటి వరసల్లో బలంగా ఉన్నవాడెవడు, పాపనీ తల్లినీ ముందు ఎవరు దించాలి, ఏ మాట గట్టిగా అరవాలి. ఆ మాట ఉద్యోగం మొత్తంలో ఒక్కసారీ అరవలేదు. నాలుక చివరిదాకా తెచ్చుకుని, మింగి, ఇంటికెళ్ళడమే ఆమె పని. కిటికీలో పొలాలు, రోడ్లు, ఎండలో మెరిసే రేకుల కప్పులు పెద్దవవుతూ వచ్చాయి.

చక్రాలు నేలని తాకాయి. ఏమీ జరగలేదు.

విమానం మెల్లగా మలుపు తిరిగి, తన చోటికి చేరి ఆగింది. బెల్టు లైటు ఆరేదాకా ఒక్కరంటే ఒక్కరు లేవలేదు. అంతమందీ బెల్టులతో, చేతులు ఒళ్ళో పెట్టుకుని, బడిలో మంచిపిల్లల్లా ఆమెకేసి చూస్తూ కూర్చున్నారు. ఆమె కూడా వాళ్ళని ఒక్కొక్కళ్ళనీ చూసుకుంది.

ఇందులో నేను కల్పించింది ఇదిగో, ఈ కూర్చోవడం ఒక్కటే. ముసలివాణ్ణి, మేనకోడలికి చివరి రోజున ఏదో ఒకటి ఇవ్వాలనిపించింది. నిజానికి చక్రాలు ఇంకా దొర్లుతుండగానే సగం మంది లేచి నిలబడి పైన పెట్టెలు లాగడం మొదలుపెట్టారట, ఎప్పటిలాగే. ఆమె మైకు అందుకుని, "కూర్చోండి నాయనా, ఇంకా ఆగలేదు" అంది, ఎప్పటిలాగే. కాకపోతే ఆ రోజు ఆ మాట కొంచెం నెమ్మదిగా అన్నానని, తొందరగా అయిపోవడం ఇష్టంలేక సాగదీసి సాగదీసి అన్నానని, నాతో ఆమే చెప్పింది.